వానకాలం దాటిన అతుకు

సరోజన స్నానానికని కాగు మూత తీసింది. నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. నీళ్లతోపాటు రెండు టేకు బద్దలు కూడా ఉడుకుతున్నాయి.

మూత చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఉడికే బియ్యం చూసింది, ఉడికే బట్టలు చూసింది. పద్దెనిమిదేళ్లొచ్చినా ఉడికే కర్రను మాత్రం ఎన్నడూ చూడలేదు.

“మూత తియ్యకు! ఆవిరి పోతది!”

తిరిగి చూస్తే జామచెట్టు కింద ఒక పొడుగాటి మనిషి. చేతిలో ఇనుప గొట్టం, జుట్టు నిండా రంపపు పొట్టు.

“ఎవలయ్యా నువ్వు? మా కాగుల కట్టెలెందుకేసినవ్?”

“మెత్తవడాలె గద.”

“మెత్తవడ్డంక తాలింపు వెడ్తవా?”

“ఒంచుత. గిటార్ చేస్తున్న. ఆరు తీగెల వాయిద్యం. దానికి గిట్ల నడుముంటది...” అంటూ రెండు చేతులతో గాలిలో ఆ నడుమును గీశాడు. గీస్తుండగా ఎదురుగా ఉన్నది ఆడపిల్ల అని తెలివొచ్చి, చేతులు చటుక్కున వెనక్కి పెట్టుకున్నాడు.

సరోజనకు నవ్వొచ్చింది. కోపంతో మొదలుపెట్టింది కనుక నవ్వలేదు.

“ఆ నీళ్లతోని నేను స్నానం జెయ్యాలె.”

“చెయ్యి. టేకు రసం దిగింది, జర ఎర్రగైతవ్ గంతే.”

“బాపూ!” అని ఇల్లదిరేటట్టు పిలిచింది సరోజన.

ఆమె తండ్రి మొండయ్య కాగజ్‌నగర్ కాగితం మిల్లులో వడ్రంగి మేస్త్రి. సరోజన రెండు నెలలు ధర్మపురిలో మేనత్త ఇంట్లో ఉండి నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది. ఆ రెండు నెలల్లోనే అంబదాస్ అనే ఈ భైంసా పిల్లవాడు మిల్లులో పనికి చేరాడు. మన వడ్లోళ్ల పిల్లగాడే కదా అని మొండయ్య అతనికి వెనక కొట్టం ఇచ్చాడు. కొట్టంతోపాటు కాగు కూడా ఇచ్చినట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మిల్లులో కలకత్తా నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఒకాయన గిటారు రైలు ప్రయాణంలో పగిలిందట. దాన్ని విప్పి బాగుచేసింది అంబదాసే. విప్పినప్పుడు లోపల చూసిన బద్దలు, అతుకులు అతని మనసులో నుంచి మళ్లీ పోలేదు. విదేశాల నుంచి మిషన్లొచ్చిన పెట్టెల తెల్లకర్ర మిల్లు వెనక పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. గిటారు ముఖానికి అంత తేలికగా, అంత నిలువు పోగుతో ఉన్న కర్ర దొరకదని అతని నమ్మకం.

చేసుకునేవాడు చేసుకుంటే పోయేది. కానీ అంబదాస్‌కు ఒక జబ్బుండేది. తాను చేసేది అందరూ చెయ్యాలి. ఆదివారం వచ్చిందంటే వసారాలో నలుగురిని కూర్చోబెట్టేవాడు.

“చేతులున్నోళ్లు ఎవలైనా చెయ్యొచ్చు. మొదటిది చెడిపోతదా, చెడిపోనియ్యి. అది చెడితేనే రెండోదానికి తొవ్వ దొరుకుతది.”

ఆ మాటలకు మొదట పడిపోయింది దర్జీ మునీర్. నలభై ఏళ్ల మనిషి, మిషను వదిలిపెట్టి రంపం పట్టాడు. అతని గిటారుకు ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి వచ్చింది.

“నేను కుట్టిన మొదటి కోటు గూడ గిట్లనే ఉండె,” అన్నాడు మునీర్ దాన్ని ఎత్తి చూపిస్తూ. “దాన్ని తొడుక్కొనేటోడు దొరికిండు. దీనికి గూడ దొరుకుతడు. ఫికర్ లేదు.”

అందరూ నవ్వుతుండగా తలుపు చాటు నుంచి సరోజన ముందుకొచ్చింది.

“చేతులున్నోళ్లెవలైనా అన్నవ్ గద. నాకు రెండున్నయి.”

మునీర్ చేతిలోని గిటారు కింద పెట్టాడు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఉలికి బొట్టు పెడతారు, ఉలిని దాటకుండా పక్కనుంచి నడుస్తారు. పట్టుకోవడం మాత్రం లేదు. అంబదాస్ మొండయ్య వైపు చూశాడు. మొండయ్య వాన వస్తుందేమోనని ఆకాశం వైపు చూశాడు.

“ముందుగాల్ల గరుకు కాయితం పట్టు,” అన్నాడు చివరికి అంబదాస్. “చెయ్యి కుదిరినంక ఉలి.”

చెయ్యి నాలుగు రోజుల్లో కుదిరింది. సరోజనకు తల్లి లేదు. పెంచింది నాయనమ్మ నాగవ్వ. ఈ ముసలమ్మ ధర్మపురి నరసింహస్వామి భక్తురాలు. శనివారం ఆ ఇంట్లోకి ఉల్లిగడ్డ కూడా రాదు. మనవరాలి చేతిలో ఉలి చూసి ఆమె దేవుడి గది వైపు తిరిగింది.

“ఆడిపిల్ల ఉలి పట్టొద్దని స్వామి నాతోనైతే చెప్పలే,” అంది తర్వాత. “పట్టుకోండ్రి. కని ఆ సరేసు మాత్రం నా వాకిట్లకు రావద్దు. తోలు ఉడకవెట్టిన జిగురు దేవుడున్న ఇంట్ల ఎట్ల కాస్తరు?”

“సరేసు లేంది అతుకెట్ల, అవ్వా?” అన్నాడు అంబదాస్.

“చింతగింజల జిగురు లేదా? నా పెండ్లినాటి బొమ్మలు దాంతోనే అతికిచ్చిర్రు. నా మనుమరాలు వండుతది.”

సరోజన గింజలు వేయించింది, నానబెట్టింది, పొట్టు తీసి రుబ్బి, తేనెరంగు వచ్చేదాకా వండింది. గిన్నె పట్టుకొచ్చి గర్వంగా ముందు పెట్టింది.

“చూడు మరి. గీ జిగురుతోని ఏనుగును గోడకు అతికియ్యొచ్చు.”

“ఏనుగు వద్దు,” అన్నాడు అంబదాస్. “నన్ను గీ ఇంటికి అతికిస్తె చాలు.”

అనేశాక అతని చెవులు రెండూ టేకు నీళ్ల రంగుకు తిరిగాయి. సరోజన గిన్నె అక్కడే వదిలి లోపలికి పోయింది. గరిటె మాత్రం చేతిలోనే ఉంది. ఆ సంగతి ఆమెకు దేవుడి గదిదాకా పోయాక గాని తెలియలేదు.

ఆషాఢం చివర గిటారుకు తీగెలెక్కాయి. ఆ వారమే అంబదాస్ తలొంచుకుని మొండయ్య ముందు నిలబడ్డాడు. తల్లి గంగుబాయికి ఉత్తరం రాశాననీ, ఆమె సరేనన్నదనీ, ఇక మేస్త్రి మాటే మిగిలిందనీ చెప్పాడు.

మొండయ్య బీడీ ఆర్పాడు. “మా ఇండ్ల ఒక రీతి ఉన్నది పిల్లగా. అల్లున్ని మాటతోని చూడం. వాని చేతి అతుకును చూరు కింద వెడ్తం. వానకాలం దాటి దసరాదాక నిలిస్తె పిల్లనిస్తం. నేను పీట వెట్టిన. మా నాయిన సందుగ వెట్టిండు. నువ్వేం వెడ్తవ్?”

“గిటార్ వెడ్త, మేస్త్రీ.”

“పీట మీద కూసునేటోడు ఒక్కడే. దాన్ని ఆరు తీగెలు గుంజుతుంటయి. ఆలోచించుకో.”

“ఆలోచించిన.”

తలుపు వెనక సరోజన కళ్లు మూసుకుని స్వామికి దండం పెట్టుకుంది. మొక్కుతున్నది తన జిగురు కోసమో, ఆ పొడుగాటి మనిషి కోసమో ఆమెకే తెలియలేదు.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. శనివారం పూజ ముగించుకుని నాగవ్వే అడిగింది. “ఏదీ, ఆ పెట్టెను మోగిపియ్యి. స్వామి గూడ ఇంటడు.”

అంబదాస్ చూరు కింద నుంచి గిటారు దించి తీగెలు బిగించాడు. రెండు స్వరాలు తియ్యగా పలికాయి. మూడోదానికి ‘ఫట్’మని చప్పుడు. తీగెలను మోసే చిన్న కర్ర ఊడి, ఆరు తీగెలూ కుప్పగా వేలాడాయి.

మొండయ్య ఊడిన చోట వేలితో రాశాడు. జిగురు నాని సంకటి లాగా అయింది.

“ఎవలి పని ఇది?”

సరోజన నోరు తెరవబోయింది. అంతలో అంబదాస్ అందుకున్నాడు. “నాదే, మేస్త్రీ. కర్ర సాపు జెయ్యలే. తొందరవడ్డ.”

మొండయ్య ఇద్దరినీ ఒకసారి చూసి, ఏమీ అనకుండా మిల్లుకు పోయాడు.

మర్నాడు పొద్దున సరోజన కొట్టానికి పోయేసరికి అంబదాస్ పనిముట్లు సంచిలో సర్దుతున్నాడు.

“ఏడికి?”

“మిల్లు క్వార్టర్లకు. ఓడినోడు మీ ఇంట్ల ఎట్లుంటడు?”

“మొదటిది చెడిపోనియ్యి అని వారం వారం చెప్పినవ్ గద! అది మునీర్ చిచ్చాకేనా? నీకు వర్తించదా?”

అంబదాస్ చేతిలోని చిత్రిక సంచిలోకి పోలేదు, బయటికీ రాలేదు.

“ఇంకోటి. అబద్ధమెందుకు చెప్పినవ్? జిగురు నాది.”

“నీకు మాట రావద్దని...”

“నాకు మాట రానియ్యకపోతె, రేపు అతుకు నిల్చిననాడు నా పేరెవలు చెప్తరు? తప్పు నాది గాకుంటె పని గూడ నాది గాదు. నాకు రెండు గావాలె.”

 అంబదాస్ చేతిలోని చిత్రికను మళ్లీ గోడ గూట్లో పెట్టాడు. సరోజన నేరుగా తండ్రి దగ్గరికి పోయింది.

“బాపూ, ఊడింది నా జిగురు.”

“ఎర్కే. చింతగింజల వాసన నాకు తెల్వదా?” అన్నాడు మొండయ్య. “ఎవలు చెప్తరో చూద్దామని ఊకున్న. దసరా ఇంకా రెండు నెల్లుంది. మళ్ల అతికియ్యిర్రి. కని సరేసు లేంది ఆ గుంజుడు ఆగది. మీ నాయినమ్మను నువ్వే అడుగు. నాకైతే ధైర్యం లేదు.”

నాగవ్వ దీపానికి ఒత్తులు చేస్తోంది. సరోజన పక్కన కూర్చుంది.

“నాయినమ్మా, ధర్మపురిల స్వామి సేవకు మద్దెల కొడ్తరు గద?”

“కొడ్తరు. దాని చప్పుడుకే నా తండ్రి మేల్కొంటడు.”

“ఆ మద్దెలకు రెండు దిక్కుల ఏముంటది?”

నాగవ్వ వేళ్లు ఆగిపోయాయి. “తోలు,” అంది చివరికి, చాలా మెల్లగా.

 సరోజన దూది అందుకుని తానూ ఒత్తులు చేయసాగింది.

మరునాడు నాగవ్వ స్వామి పటం ముందు రోజుకంటే ఎక్కువసేపు కూర్చుంది. లేచి వచ్చి, “బాయి కాడ కాచుకోండ్రి,” అంది. “కాచినోళ్లు స్నానం జేసి ఇంట్లకు రావాలె. స్వామికి కోపమొస్తె నాతోని చెప్తడు. డెబ్బై ఏండ్ల పరిచయం మాది.”

బావి దగ్గర మూడు రాళ్ల పొయ్యి పెట్టారు. నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె, అందులో నానిన సరేసు. ఆ వాసనకు మునీర్ ముక్కు మూసుకుని పారిపోయాడు. తుంపర మొదలైంది. అంబదాస్ గొడుగు తెచ్చి గిన్నె మీద పట్టాడు. తాను మాత్రం తడుస్తూ నిలబడ్డాడు.

“గొడుగు నీ మీద వట్టుకో.”

“నీ జిగురు తడుస్తది.”

“నువ్వు తడుస్తున్నవ్ గద.”

“నేను నానినా ఊడ. చూస్తవ్ గద.”

సరోజన తల ఎత్తలేదు. బుగ్గ మీద పడిన చినుకు తుడుచుకోవడం కూడా మరిచింది. గిన్నె కొట్టంలోకి తెచ్చాక, అతుకుకు బ్రష్షు పెట్టబోతున్న అంబదాస్ చేతిని ఆపి తానే తీసుకుంది.

“నువ్వు ముట్టకు. మాట వస్తె నాకే రావాలె.”

చిన్న కర్రను ఒత్తిపెట్టి, పాత చీర పీలికలతో గిటారు నడుము చుట్టి, బరువుకు నాగవ్వ సన్నికల్లు తెచ్చి పెట్టింది.

“నా సన్నికల్లు గూడనా!” అంది ముసలమ్మ. తీయమని మాత్రం అనలేదు. అతుకు ఆరాక, తేమ తాకకుండా మీద లక్క పాలిష్ పెట్టారు.

భాద్రపదంలో వానలు దంచికొట్టాయి. మిల్లు తొవ్వ వాగయింది. గిటారు చూరు కింద వేలాడుతూనే ఉంది. పొద్దున్నే మునీర్ వచ్చి చూసి పోయేవాడు. తులసి కోసమన్నట్టు వచ్చి నాగవ్వ చూసేది. పక్కింటి మల్లక్క చూడ్డానికి వచ్చి, మరుసటి వారం గరుకు కాయితం అడిగి తీసుకుపోయింది. సరోజన రెండో గిటారుకు మెడ చెక్కడం మొదలుపెట్టింది.

దసరా వచ్చింది. పనిముట్లన్నీ కడిగి పీట మీద వరుసగా పెట్టారు. నాగవ్వ ఒక్కోదానికి బొట్టు పెడుతూ వచ్చింది. మొండయ్య బాడిసెకు, అంబదాస్ రంపానికి, ఆ పక్కనే ఉన్న సన్నటి ఉలికి. అది సరోజనది. దానికీ అంతే పెద్ద బొట్టు పెట్టింది. చివర గిటారు.

“పూజ దినం పనిముట్టు ముట్టద్దు గదనే అవ్వా?” అన్నాడు మొండయ్య.

“అది పనిముట్టు గాదురా, పంట. మోగిపియ్యిమను.”

అంబదాస్ తీగెలు బిగించాడు. బిగించినకొద్దీ అందరి ఊపిరీ బిగిసింది. అప్పుడు ఆరు తీగెలూ ఒక్కసారిగా పలికాయి. పెట్టెకర్ర ముఖం, టేకు నడుము, ఇల్లంతా కలిసి పలికినట్టయింది. నాగవ్వ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మొండయ్య గిటారు తీసుకుని అతుకు చుట్టూ గోరుతో తట్టాడు. ఎక్కడా డొల్ల చప్పుడు లేదు.

“అతుకు గట్టిగున్నది పిల్లగా.”

“నాది గాదు మామా, సరోజనది,” అన్నాడు అంబదాస్. మామ అనేశానని తర్వాత తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

మొండయ్య గడ్డం గీరుకున్నాడు. “ఇది చిత్రంగున్నది. పరీక్ష వెట్టింది అల్లునికి. గెల్చింది బిడ్డ. అట్లైతే నేను నీకు పిల్లనిచ్చుడేంది? అడగవలసింది దాన్ని.” కూతురి వైపు తిరిగాడు. “చెప్పు బిడ్డా. ఏం గావాలె నీకు?”

సరోజన గిటారు వైపు చూసింది. దాని పక్కన, వాన వెలిసిన వెలుతురులో, చెవులు ఎర్రబడి నిలబడ్డ మనిషి వైపు చూసింది. ఆ తర్వాత జామచెట్టు కింద ఉన్న కాగు వైపు చూసింది.

“ఆ కాగు నాతోని పంపు, బాపూ,” అంది. “ఆయనకు రోజూ కట్టెలు ఉడకవెట్టాల్సొస్తది.”

మునీర్ ‘వాహ్’ అని కేక వేశాడు. నాగవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని కొత్త జంట తల మీద అక్షింతలు వేసింది. వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“కాగు మీరు కొంచవోతె, మరి నా స్నానమెట్ల?”