కుట్టు దగ్గర పువ్వు

ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసే ధనరాజ్‌కి తన కళ్ల మీద మహా నమ్మకం. నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని చూస్తే చాలు, తేమ ఎంతుందో చెప్పేస్తాడు. ఆ ఉదయం కాఫీ తాగుతూ బంధువుల వాట్సాప్ గ్రూపు తెరిచాడు. అందులో ఓ ఫొటో.

కళింగపట్నం బీచ్‌లో ఎవరో కుర్రాడి భుజం మీద తల వాల్చి, చెయ్యెత్తి ఊపుతూ నవ్వుతోంది కూతురు హర్షిత. "మీ పిల్ల సదువు బాగానే సాగుతన్నాది" అని కింద ఎవరిదో వెటకారం.

హర్షితకి పది గంటలకి శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి పరీక్ష. హాల్ టికెట్ బ్యాగులో పెట్టుకుంటుంటే తండ్రి వచ్చి లాక్కున్నాడు.

"ఏటిది?" ఫోను ఆమె ముఖానికి ఆనించినంత పని చేశాడు.

"అది నాను కాదు నాన్నా. ఎవడో ఏఐతో సేసేడు. మా క్లాసులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలకీ ఇలాగే సేసేరు."

"నీ మొహం, నీ డ్రెస్సు, నీ నవ్వు! నాకు కళ్లు లేవేటి? గింజ సూసి తేమ సెప్పేవోణ్ణి, కన్నకూతుర్ని పోల్చుకోలేనా?"

"నాన్నా, టైమైపోతంది. వచ్చాక ఎన్ని తిట్టినా పడతాను."

"పరీక్షా లేదు, కాలేజీ లేదు. ఇంట్లో కూకో!"

ఎనిమిదిన్నర దాటింది. ధనరాజ్ వీధిగుమ్మం దాకా వెళ్తాడు, వస్తాడు, మళ్లీ ఫోను చూస్తాడు. హర్షిత చెప్పులు వేసుకుంటుంది, విడుస్తుంది. మూడేళ్ల చదువు కళ్లముందే పోతోంది. ఆ పిల్లకి ఏడుపు ఆగడం లేదు.

కుట్టుమెషిన్ దగ్గర్నుంచి తల్లి కుమారి లేచి వచ్చింది. పాతికేళ్లుగా ఊళ్లో సగం మందికి బట్టలు కుట్టిన మనిషి. "ఇలా తెండి" అని ఫోను తీసుకుని బొమ్మ పెద్దది చేసింది. ముఖం వైపు చూడలేదు. భుజం చూసింది, చంక చూసింది. లోపలికెళ్లి, తను కుట్టిన ఆ పువ్వుల డ్రెస్సు పట్టుకొచ్చింది.

"గుడ్డ సాలక సంకలో వేరే గుడ్డ అతుకేసేను. సెయ్యెత్తితే కనపడాలి గదా, ఫొటోలో ఏదీ? భుజం కుట్టు దగ్గర సూడండి. కోసి కుట్టిన గుడ్డ మీద పువ్వు తెగిపోతాది. ఫొటోలో నిండుగా ఎలాగున్నాది? ఈ ఫొటోలో గుడ్డని కత్తెర ముట్టలేదండీ."

ధనరాజ్ రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ మళ్లీ చూశాడు. "దొంగ ఫొటోయే!" అని గట్టిగా ఊపిరి వదిలాడు. "పదమ్మా, బండి తీస్తాను."

హర్షిత కదల్లేదు.

"కుట్టుని నమ్మేరు. నన్ను నమ్మలేదు. రేపు అతుకు కూడా పెట్టి ఇంకోటి సేస్తాడు. అప్పుడేటి సేస్తారు నాన్నా?"

ధనరాజ్ ఆ ఫొటోని పొద్దుట్నుంచి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఎదురుగా ఏడుస్తున్న పిల్ల ముఖం ఇప్పుడే చూస్తున్నాడు. సిగ్గుతో తల వాలిపోయింది. హాల్ టికెట్ ఆమె చేతిలో పెట్టాడు.

బండి వీధి మలుపు తిరుగుతుంటే ధనరాజ్ అక్క మొగుడు అప్పలసూరి అడ్డం వచ్చాడు. "ఏటిరా, గ్రూపులో ఆ ఫొటో?"

"అది మా అమ్మాయి కాదు బావా."

"నీకెలా తెలుసురా?"

డ్రెస్సు సంగతి నోటిదాకా వచ్చింది. ధనరాజ్ దాన్ని మింగేశాడు.

"మా అమ్మాయి సెప్పింది" అన్నాడు.

వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్న హర్షిత, ఆ చెయ్యి తీసి తండ్రి భుజం మీద వేసింది. "పోనియ్ నాన్నా, తొమ్మిదిన్నరైపోయింది" అంది, ఏడుస్తూనే.