జామకాయలో సగం

మా ఆయన నరసింగరావుని నేను మావా అనే పిలిచేదాన్ని. ఆయనకి పన్ను నొప్పి వస్తే ఆమదాలవలసలో రూట్ కెనాల్ చేయించాం. "నొప్పి పోయిందని ఊరుకోకండి. క్యాప్ తొడగకపోతే ఆ పన్ను పగిలిపోతుంది. అందాకా గట్టివి కొరకొద్దు," అంది డాక్టరమ్మ.

నొప్పి పోయింది. మేం ఊరుకున్నాం. కోతలన్నాను, నూర్పులన్నాను. పాపం, నెల పైన ఒక్క పక్కనే నమిలాడు. ఆఖరికి వెళ్లి కొలతలిచ్చి వచ్చాం.

ఆ సాయంత్రం పెరట్లో జామకాయ కోసుకున్నాడు. దోరది. చేతిలోంచి లాగేసుకున్నాను.

"ఒక్క ముక్కే, జగ్గీ."

"క్యాప్ రానీ మావా. అందాకా ముట్టుకోకు."

"అప్పటికి నేనుంటానేటి?" అని నవ్వాడు.

నాలుగో రోజు, పొలం గట్టు మీదే గుండె ఆగిపోయింది.

పెద్దకర్మనాడు ఆకులో జామకాయ కూడా పెట్టాం. కాకులు చుట్టూ తిరిగాయి గాని ఒక్కటీ దిగలేదు.

మర్నాడు ఆయన ఫోను మోగింది.

"నరసింగరావు గారాండీ? క్యాప్ వచ్చింది. ఎప్పుడొస్తారు?"

వస్తానని చెప్పి పెట్టేశాను. ముట్టుకోకని నేనే కదా అన్నాను... అందుకే ఆకులోది ముట్టలేదేమో.

మనవరాలు సంహితని తోడు తీసుకుని వెళ్లాను. చిన్న డబ్బా ఇచ్చారు. దాని మీద పేరు కూడబలుక్కుని చదివాను. ముసలితనంలో ఆయన నాకు దిద్దించిన అక్షరాలే అవి. లోపల క్యాప్, దాంతోపాటు కొలతలకని తెల్లటి సున్నంతో పోసిన ఆయన పళ్ల అచ్చు. పైవరస ఒకటి, కిందవరస ఒకటి. పక్కకి ఒరిగిన ముందుపన్నుతో సహా ఆయనే.

ఇంటికొచ్చి మిట్టమధ్యాహ్నం ఆ అచ్చులోని పన్నుకి క్యాప్ తొడిగాను. ఆయన కంచంలో అచ్చు పెట్టి, పక్కన జామకాయ పెట్టాను.

"ఇప్పుడు తిను మావా."

"మామ్మా, వద్దే. నాకు భయమేస్తంది," అంది సంహిత.

వంటగదిలోకి వెళ్లాను. ఇల్లంతా జామ వాసన. కొత్తగా తడిసిన సున్నం వాసన...

కర్...

ఆగింది.

కర్... కర్...

తొందర లేదు. ఒక పక్కన కాదు. రెండు పక్కలా నములుతున్నట్టు...

"సంహితా, నువ్వేనేటే?"

అది నా వెనకే ఉంది. నా కొంగు పట్టుకుని.

వెళ్లి చూశాను. కాయ సగం లేదు. కొరికిన చోట ఒరిగిన పన్ను గాటు. మిగిలిన సగం నా వైపు జరిపి ఉంది. ఏది తిన్నా సగం నాకుంచడం ఆయన అలవాటు. అక్కడే కూలబడి ఏడ్చాను. తిన్నాడు... నా మావ తిన్నాడు.

అచ్చు తీయబోయాను. పైవరస, కిందవరస గట్టిగా కరుచుకుని ఉన్నాయి. లాగినా విడలేదు.

"నువ్వు తినవేటి, జగ్గీ?"

చెవి పక్కనే. చాలా మెల్లగా.

తినలేదు. పారెయ్యనూ లేదు.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆ సగం ముక్క ఇంకా తెల్లగానే ఉంది. కొరికిన చోట తడి కూడా ఆరలేదు.