రిపోర్టులో ఒక పేరు

ఎలక్ట్రిక్ బస్సుల డిపోలో, ఛార్జర్‌కు పేరు పెట్టమని ల్యాప్‌టాప్ అడిగే గడిలో పేరుకు బదులు ఆమె ఒక కమాండ్ రాసింది. అరక్షణంలో పదహారో నంబరు ఛార్జర్ ఆగిపోయింది. దానికి తగిలించిన బస్సు వెనక నుంచి డిపో ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"ఎవరండీ ఆపింది?"

"నేనే. ఖాళీగా ఉందని బోర్డు మీద రాశారు."

"ఇప్పుడే బస్సు పెట్టాను. ఆపే ముందు ఒక్క కేక వేయొచ్చుగా."

"కేక వేయకుండా ఎవరైనా ఆపగలరేమో చూడమనే మీ కంపెనీ నన్ను పిలిచింది. ఆపగలరు."

ఆమె స్క్రీన్ చూపించి వివరించింది. ఆ గడిలో ఏం రాసినా ఛార్జర్‌ను నడిపే కంట్రోలర్ ముందూ వెనకా చూడకుండా చేసేస్తుంది. నెట్‌వర్క్‌లోకి రాగలిగినవాడు ఎక్కడో కూర్చుని ముప్పై ఆరు బస్సులనూ నిలబెట్టేయగలడు.

నాలుగు రోజులు ఇద్దరూ కలిసి ఛార్జర్లన్నీ పరీక్షించారు. ఆమె టైప్ చేసేది, అతను మీటరు చూసి అంకె చెప్పేవాడు. అంకెకూ అంకెకూ మధ్య వాన గురించి మాట్లాడుకునేవారు. పరీక్ష ఛార్జర్లకా, మా కుర్రాడికా అని పెద్ద డ్రైవరొకాయన అడిగి వెళ్లాడు. ఆ తర్వాత రెండు అంకెలు తప్పు పడ్డాయి.

ఐదో రోజు, బయటివాళ్లు నెట్‌వర్క్‌లోకి రాగల అసలు దారి దొరికింది. ఎవరో కంట్రోలర్లను బయటి ఇంటర్నెట్‌కు కలిపారు. ఎవరని ఆమె అడిగితే అతను మీటరు మీంచి కళ్లు తిప్పలేదు.

"నేనే. ఇంటి నుంచి ఫోన్‌లో చూసుకోవచ్చని ఎనిమిది నెలల కిందట కలిపాను. ఎవరికీ చెప్పలేదు."

రాస్తే అతని ఉద్యోగం పోవచ్చు. రిపోర్టులో ఆ ఒక్క వరస ఖాళీగా వదిలినా అడిగేవాళ్లు లేరు. ఆమె వేళ్లు కదల్లేదు.

"రాయండి," అన్నాడు. "నా కోసం వదిలేశారంటే, రేపట్నుంచి నా మొహం చూడ్డం మీకే కష్టమవుతుంది."

రాసింది. అడగ్గానే ఒప్పుకున్నాడని కూడా రాసింది.

మేనేజరు అతన్ని తీసేయలేదు. కంట్రోలర్లను నెట్‌వర్క్ నుంచి తప్పించి, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఛార్జర్లన్నీ చేత్తోనే వేసి ఆపాలని, సెలవు లేకుండా ఆ పని అతనే చేయాలని చెప్పాడు.

ఆదివారం ఆమె వానలో తడుస్తూ డిపోకు వచ్చింది. అతను తొమ్మిదో ఛార్జర్ దగ్గర ఉన్నాడు.

"రిపోర్టు ఇచ్చేశారుగా. మళ్లీ ఛార్జర్ల కోసం వచ్చారా?"

"ఛార్జర్ల కోసమైతే ఫోన్ చేసేదాన్ని."

అతను చేతి తొడుగుల్లో ఒకటి తీసి ఆమెకిచ్చాడు. తొడుగు లేని తన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను నిలబడితే, ఆమే పట్టుకుంది.