ప్రత్యక్షంగా చూసిన మీదట

ఆ పూట నలభై ఆరో ముఖం దగ్గర వసుధ వేలు ఒక్క క్షణం ఆగింది. తెర మీద ఎడమవైపు పరారీలో ఉన్నవాళ్ల జాడపత్రంలో వచ్చిన ఫొటో, కుడివైపు విశాఖ రేవు మూడో గేటు కెమెరా తీసిన ఫొటో. కింద పోలికశాతం తొంభై ఎనిమిది పాయింట్ ఏడు. దాని కింద, ముఖాలు పోల్చే తూనిక అనే యంత్రం అడిగే ప్రశ్న: సమ్మతమా?

ఆమె నొక్కింది. తెర ఖాళీ అయింది. నలభై ఏడోది వచ్చింది.

వేలు ఆగింది అనుమానంతో కాదు. కన్ను దురద పెట్టింది, అంతే.

దేశాంతర నేర సహకార కేంద్రం ఐదో అంతస్తులో ఆమెలాంటి లా విద్యార్థులు ఇరవై నలుగురు కూర్చుంటారు. పన్నెండు దేశాల రేవుల్లో, విమానాశ్రయాల్లో తూనిక పట్టిన మనుషులంతా వాళ్ల తెరల మీదుగానే వెళ్లాలి. నిజానికి తూనికకు వాళ్లతో పని లేదు. అది ముఖాన్నీ నడకనూ గొంతునూ కలిపి బేరీజు వేస్తుంది, తప్పు చేసినట్టు ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. కానీ అప్పగింతల ఒడంబడికలో ఒక షరతు ఉంది. ఏ మనిషినైనా పరాయి దేశానికి అప్పగించే ముందు అతన్ని మరో మనిషి చూసి ఒప్పుకోవాలి. ఆ చూసేవాళ్లు ఏ ప్రభుత్వం దగ్గరా జీతం తీసుకునేవాళ్లు కాకూడదు. జీతం లేకుండా రోజుకు ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లెవరని వెతికితే విద్యార్థులు దొరికారు. కాగితాల్లో వాళ్ల పేరు నిర్వేతన సాక్షులు. నాలుగు వందల గంటలు పూర్తిచేస్తే యోగ్యతాపత్రం ఇస్తారు. అది లేనిదే ఏ కోర్టులోనూ నల్లకోటు వేసుకోనివ్వరు. వసుధకు మూడు వందల డెబ్బై ఒక్క గంటలు అయ్యాయి.

మొదటి వారంలో ముఖాలు గుర్తుండేవి. ఇంటికి వెళ్లాక కూడా ఒక ముసలావిడ బుగ్గమీది మచ్చో, ఒక కుర్రాడి విరిగిన పన్నో కళ్లముందు ఆడేది. మూడో వారానికి అది పోయింది. పోయినందుకు ఆమె సంతోషించలేదు, బాధా పడలేదు. పక్క సీటులో ఉండే షబానా ఒకసారి అంది, "నాకీమధ్య మా తమ్ముణ్ని చూసినా శాతమే గుర్తొస్తోందే." ఇద్దరూ నవ్వలేదు.

ఒంటిగంటకు భోజనం. లిఫ్టుకు మరమ్మతు జరుగుతోందని వసుధ మెట్లమీదుగా దిగింది. రెండో అంతస్తులో, అప్పగించేదాకా మనుషుల్ని ఉంచే నిరీక్షణ గది ఉందని ఆమెకు తెలుసు గానీ అటు ఎప్పుడూ వెళ్లలేదు. తలుపుకు కమ్మీల కిటికీ. దాని వెనక నిలబడ్డ మనిషి ఒక కాగితం బయటికి చాపాడు.

"అమ్మా, కూసింత ఇది సదివి పెడతావా? ఏటి రాసుందో ఎవులూ సెప్పట్లేదు."

యాభై ఏళ్లుంటాయి. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడిన చర్మం. బల్ల దగ్గరున్న గార్డు తలెత్తి చూసి, మళ్లీ తన టిఫిన్ బాక్సు వైపు తిరిగాడు. వసుధ కాగితం అందుకుంది. సూరాడ నూకయ్య, సరుకు పడవలో ఇంజిన్ కూలీ. ఏడేళ్ల కిందట పరాయి దేశపు రేవులో గోదాము తగలబెట్టి, ఇద్దరు కాపలావాళ్ల చావుకు కారణమైన రాఫీ కోలెన్ అనే వ్యక్తీ ఇతనూ ఒక్కరేనని ఉంది. సాయంత్రం నాలుగింటి ఓడలో అప్పగింత.

ఆమె గొంతులో ఏ మార్పూ లేకుండా చదువుతూ పోయింది. చివరి వాక్యం దగ్గరికి వచ్చింది.

"సాక్షి 4417 ఇతన్ని ప్రత్యక్షంగా చూసిన మీదట ధ్రువీకరించడమైనది. సమయం పది నలభై."

"ప్రత్యచ్చంగా అంటే?"

"ఎదురుగా. కళ్లతో."

"నాను పొద్దున్నుంచీ ఈ గదిలోనే ఉన్నానమ్మా. ఎవులూ రానేదు. ఎవులు సూసినారు నన్ను?"

వసుధ మెడలోని గుర్తింపు కార్డు తిరగబడి ఉంది. దాని మీది అంకె అతనికి కనబడదు, కనబడినా చదవలేడు. ఆమె కాగితం తిరిగిచ్చి, "తెలీదండీ" అని కిందికి దిగింది.

అన్నం తింది. పెరుగు పుల్లగా ఉంది. మొత్తం తినేసింది.

మళ్లీ సీటులో కూర్చుంది. ఒక ముఖం, ఇంకో ముఖం. పది నలభైకి వచ్చిన ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. గంటన్నర కిందట కిటికీ వెనక చూసిన మనిషి మాత్రం కింది పెదవి మీది పగులుతో సహా గుర్తున్నాడు. అతను ఆ గోదాము తగలబెట్టాడో లేదో ఆమెకు తెలియదు. తగలబెట్టే ఉండొచ్చు.

రెండు నలభైకి ఆమె పది నలభై నాటి సాక్ష్యాన్ని మళ్లీ తెరిచి, తెర మూలలో ఉన్న ఉపసంహరణ అనే మాటమీద నొక్కింది. ఇన్ని నెలల్లో అక్కడ ఎవరూ నొక్కగా చూడలేదు. తూనిక కారణం అడిగింది. ఆరోగ్యం, ఒత్తిడి, సాంకేతిక పొరపాటు, ఇతరం. ఆమె ఇతరం దగ్గర టైపు చేసింది: నేను చూడలేదు.

తూనిక మరో ప్రశ్న వేసింది. ఈ ఒక్క సాక్ష్యమా? ఇదే కారణం వర్తించే సాక్ష్యాలన్నీనా? అన్నీ: తొమ్మిది వేల రెండు వందల పద్దెనిమిది.

పర్యవేక్షకుడు కూర్మనాథం గారు తన తెర మీద అది చూసి, నడిచొచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు. అరిచే మనిషి కాదు. నిరుడు ఒక విద్యార్థి సీటులోనే కళ్లు తిరిగి పడిపోతే, తన కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లినవారు.

"ఏమైందమ్మా?"

"కింద ఒకాయన్ని చూశాను సార్."

"చూస్తే జాలేస్తుంది. అందుకే అటు పంపం." ఆయన గొంతు తగ్గించారు. "ఒక్కటి వెనక్కి తీసుకో. పొరపాటని రాసి నేను సర్దుతాను. నీ గంటలు పోవు. అన్నీ అన్నావంటే ఆ మనుషులందరి కేసులూ తెరవాలి. వాళ్లలో పిల్లల్ని ఓడలకెక్కించి అమ్మినవాడున్నాడు. పోయిన నెలే అప్పగించాం. వాడు బయటికొస్తే?"

వసుధ ఆ మాట గురించి నిజంగానే ఆలోచించింది. అతని ముఖం కూడా తన తెర మీదుగానే వెళ్లి ఉంటుంది.

"అతన్ని ఎవరైనా చూశారా సార్?"

కూర్మనాథం గారు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. "ఇరవై తొమ్మిది గంటలే కదమ్మా మిగిలింది" అన్నారు చివరికి.

"అవును సార్."

ఆమె అన్నీ అన్నచోట నొక్కింది.

ఏ శబ్దమూ రాలేదు. ఆమె తెర నల్లబడింది. తర్వాత పక్కనున్న షబానా తెర మీదున్న ముఖం పోయి, దాని స్థానంలో ఒక వాక్యం వచ్చింది. ఆ వరసంతటా, వెనక వరసలోనూ అదే వాక్యం: మీరు చూశారా? తూనిక అబద్ధం ఆడటానికి తయారైంది కాదు. చూడటం అన్న మాటకు ఒక సాక్షి అర్థం చెప్పాక, మిగతావాళ్లను అడగకుండా ఉండలేదు. కింద రెండు గడులు, అవును, కాదు. ఇరవై ముగ్గురు విద్యార్థులు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కూర్మనాథం గారి ఫోను మోగడం మొదలెట్టింది. ఆయన తీయలేదు.

షబానా అడిగింది, "వసూ, ఇప్పుడేం నొక్కను?"

"నాకు తెలీదు" అని వసుధ లేచింది.

రెండో అంతస్తులో గార్డు అడ్డం వచ్చాడు. నాలుగింటి ఓడకు ఎవరినీ పంపొద్దని ఇప్పుడే కబురొచ్చిందని, ఎందుకో తనకు తెలియదని చెప్పాడు. ఆమె కార్డు చూపించింది. అతను అంకె చూశాడు, తన దగ్గరున్న అప్పగింత కాగితం నకలు చూశాడు, తలుపు తీశాడు.

లోపల నూకయ్య పొడవాటి బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దున మిమ్మల్ని చూశానని రాసింది నేనే" అంది వసుధ. "చూడలేదు. ఇప్పుడు చూడ్డానికొచ్చాను."

అతను కోప్పడలేదు. లేచి, గోడకు ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. గడ్డం ఎత్తి ముఖం ఎడమకు తిప్పి ఆగాడు. తర్వాత కుడికి తిప్పి ఆగాడు.

"అలా వద్దండీ" అంది వసుధ. "కూర్చోండి."

ఆమె కూడా బల్ల ఈ చివర కూర్చుంది.