పడవ మునగని మ్యాట్నీ

కృష్ణంరాజు సంగతి ముందే చెప్పేయాలి. లేకపోతే చివర్లో అందరూ అతన్ని పెద్దమనిషి అనేస్తారు.

ఎనిమిది థియేటర్లున్నాయి. మెడలో లావుపాటి గొలుసుంది. నవ్వుతూ మాట్లాడతాడు. నవ్వుతూనే పీక కోస్తాడు. ఉత్తరాంధ్రలో ఏ సినిమా ఎన్నాళ్లాడాలో, ఏది మూడో రోజుకే ఎత్తేయాలో అతని నోటి మాట. జాలారిపేట తాతబాబు లాంటివాళ్లు అతని గుమ్మంలో చెప్పులిప్పి నిలబడాలి.

తాతబాబు నిలబడ్డాడు. అదే అతను చేసిన తప్పు.

రెండు బోట్లున్న మనిషి. సినిమా పిచ్చి. 'రెండో లంగరు' అని ఓ చిన్న సినిమా, వేటకెళ్లేవాళ్ల కథ. దాని ఉత్తరాంధ్ర హక్కులు కృష్ణంరాజు దగ్గరున్నాయి. తాతబాబు భూమి కాగితాలు పెట్టి కొన్నాడు.

"ఏడాది చివర్లో సినీ మండలి ర్యాంకుల్లో నీ సినిమా ఫస్టొస్తే కాగితాలు వెనక్కిచ్చేస్తాను బావా. రాకపోతే భూమి నాది" అన్నాడు కృష్ణంరాజు. ఎగతాళికి పెట్టిన షరతు. చిన్న సినిమా ఫస్టు రాదని అతని ధీమా. పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు.

అన్నమాట కాగితం మీద రాయించాడు. అందులో మాత్రం ఎగతాళి లేదు.

ర్యాంకులు వేసేది అచ్యుతరామయ్య. మండలి ప్రెసిడెంటు. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ పైన మేడ మీద గది. ఏడాది సినిమాలకి కలెక్షన్లలో ఒక ర్యాంకు, రివ్యూల్లో ఒకటి, అవార్డుల్లో ఒకటి. మూడూ కలుపుతాడు. తక్కువ మొత్తం వచ్చిన సినిమా ఫస్టు.

గోడ మీద ఎర్ర పెయింటుతో మూడు రూల్సు. టికెట్ కొని చూడాలి. జనంతో చూడాలి. సినిమా పూర్తిగా ఆడాలి, కోసి ఆడించిన సినిమాకి ర్యాంకు లేదు.

ఈసారి కృష్ణంరాజు సొంతంగా ఆడించిన 'రణదండు' కలెక్షన్లలో ఒకటి, రివ్యూల్లో నాలుగు, అవార్డుల్లో రెండు. మొత్తం ఏడు.

'రెండో లంగరు' కలెక్షన్లలో నాలుగు. రివ్యూల్లో ఒకటి. అవార్డుల్లో ఒకటి. మొత్తం ఆరు.

కృష్ణంరాజు నవ్వు ఆగిపోయింది.

డిసెంబర్ ముప్పయ్యో తారీఖు. సాయంత్రం నాలుగూ పది.

టీ కుర్రాడు గ్లాసు తీసుకెళ్దామని మేడెక్కాడు. మూడుంబావుకి టీ ఇచ్చినప్పుడు అచ్యుతరామయ్య బతికే ఉన్నాడు. ఇప్పుడు కుర్చీ పక్కన బోర్లా పడున్నాడు. తల వెనక రక్తం. పక్కన పాత ఇత్తడి షీల్డు. టీ తాగలేదు.

సి.ఐ. సింహాద్రి నాలుగున్నరకి వచ్చాడు. షీల్డు చూశాడు. తుడిచేశారు. వేలిముద్రల్లేవు. మెట్ల మీద కోచింగ్ పిల్లలు వందమంది ఎక్కుతుంటారు, దిగుతుంటారు. ఎవరూ ఎవర్నీ చూడలేదు.

"ఇవాళ ఎవరైనా గొడవపడ్డారా?"

అందరూ ఒకే పేరు చెప్పారు. పేదవాడి పేరు చెప్పడానికి ఈ ఊళ్లో ఎవరికీ నోరు తడబడదు.

తాతబాబు.

"పన్నెండు గంటలకి ముసలాయన మీద అరిచావట. పీక పిసుకుతానన్నావట. నిజమేనా?"

జాలారిపేటలో తాతబాబు గుమ్మం. ఎదురుగా సింహాద్రి. పక్కన తాతబాబు పెళ్లాం పోతమ్మ. చేపల బుట్ట ఇంకా దించలేదు.

"అన్నాను బాబూ. ఆ రోహిత్‌గాడి మార్కులు కలపొద్దని అడిగినాను. ఆడు కృష్ణంరాజు మనిసి."

రోహిత్ అంటే యూట్యూబ్ రివ్యూల కుర్రాడు. అప్పుడే పేరొచ్చింది, అప్పుడే పొగరొచ్చింది. మండలికి మార్కులిచ్చేవాళ్లలో ఒకడు. చివరి పోటీలో మిగిలిన సినిమాలు జనంతో కూర్చుని రెండోసారి చూసి మార్కులివ్వాలని అచ్యుతరామయ్య పట్టుదల. షో జరిగినంతసేపూ ఫోన్లో లొకేషన్ తనకి పంపుతూ ఉండాలంటాడు. అందరివీ అయిపోయాయి. 'రెండో లంగరు'కి రోహిత్ మార్కులొక్కటే మిగిలాయి. వాడు తక్కువేస్తే సినిమా రివ్యూల్లో మూడుకి జారుతుంది. ఆరు కాస్తా ఎనిమిదవుతుంది.

"ఆయనేమన్నాడు?"

"రూలు రూలే అన్నాడు. ఆధారం తెమ్మన్నాడు. ఆధారం ఏటి తెత్తాను బాబూ నాను? కోపమొచ్చీసింది."

"మూడున్నరకి ఎక్కడున్నావ్?"

తాతబాబు పెళ్లాం వైపు చూశాడు.

"హార్బర్లో. వల బాగుసేసుకుంతన్నాను."

"ఎవరు చూశారు?"

"ఎవులూ సూడనేదు."

"వందమంది తిరిగే హార్బర్లో నిన్నెవరూ చూడలేదా? నేను నీకు వెర్రిబాగులవాడిలా కనిపిస్తున్నానా?"

తాతబాబు నేల చూశాడు. అబద్ధం. తొంభైమంది నేరస్తుల్ని చూసిన సింహాద్రికి అది తెలుస్తూనే ఉంది. కానీ ఇది చంపినవాడి అబద్ధంలా లేదు. దేన్నో దాచుకున్నవాడి అబద్ధంలా ఉంది.

సింహాద్రి ఫోను తీశాడు. రోహిత్ ఆ సాయంత్రం ఆరింటికి పెట్టిన రివ్యూ. చదివాడు.

"రెండోసారి చూశా. జాలారిపేట హాల్లో, వాళ్ల జనంతోనే. పడవ మునిగే సీన్ దగ్గర సగం మంది ఫోన్లు తీశారు, వెనక వరసలో ఒకాయన గురక..."

"ఆపీయండి బాబూ!" పోతమ్మ బుట్ట కింద పడేసింది. "నా గుమ్మంలో ఆ మాటనకండి. మా పెద్దోడు ఏటకెళ్లున్నాడు. సముద్రం మీద బిడ్డ ఉండగా బోటు ములిగిందన్న మాటేటి? మీకు పిల్లల్నేరా?"

గుమ్మం మీద మూడుసార్లు కొట్టి, లోపలికెళ్లి దీపం ముట్టించింది.

సింహాద్రి చాలాసేపు ఆ దీపం చూశాడు.

రోహిత్‌ని రుషికొండలో పట్టుకున్నారు. కొత్త ఫ్లాటు. కింద కొత్త కారు. రిబ్బను ఇంకా విప్పలేదు.

"మ్యాట్నీ రెండున్నరకి సార్. లాస్ట్ వరకూ ఉన్నా. ఐదుంబావుకి బయటికొచ్చా. టికెట్ ఇదిగో. హాల్లో తీసుకున్న ఫోటో ఇదిగో. లొకేషన్ చెక్ చేసుకోండి."

చెక్ చేశారు. రోహిత్ ఫోను రెండుంబావు నుంచి ఐదుంబావు దాకా థియేటర్ దగ్గరే ఉంది. కదల్లేదు.

"ఒంటిగంటా యాభైకి అచ్యుతరామయ్య నీకు ఫోన్ చేశాడు. ఎందుకు?"

"షో మర్చిపోవద్దని సార్. ముసలాయనకి అదే పని."

"ఆయన పోయినందుకు నీకు బాధగా లేదా?"

"ఉంది సార్. వీడియో కూడా పెట్టా. నివాళి."

"ఎంతమంది చూశారు?"

"నలభై వేలు" అన్నాడు రోహిత్. చెప్పాక నాలిక్కరుచుకున్నాడు.

కృష్ణంరాజు మూడున్నరకి తన ఆఫీసులోనే ఉన్నాడట. ఆరుగురు సాక్షులు. అందరూ అతని జీతగాళ్లే.

"తాతబాబుని లోపలేశారా సి.ఐ. గారూ?"

"ఎందుకంత తొందర?"

"తొందర నాకెందుకండీ? రేపు సాయంత్రానికి బోర్డు రాసేస్తే నా పనైపోతుంది. ప్రెసిడెంటు పోయినా మండలి ఉంటుంది గదా. గురునాథరావుగారు రాస్తారు." నవ్వాడు. "భూమి తీసుకుంటే అందరూ నన్ను తిడతారు. వాడే వచ్చి పెట్టాడు. నేను వద్దన్నానా?"

"అదే. వద్దనలేదు గదా."

సింహాద్రి లేచాడు. టీ తెచ్చారు. తాగలేదు.

ముప్పై ఒకటి పొద్దున్న పది గంటలకి జాలారిపేట థియేటర్. మేనేజరు ఆశాజ్యోతి. ఆవిణ్ణి ఒకటే ప్రశ్న అడిగాడు. ఆవిడ లేచి వెళ్లి తలుపేసింది. తర్వాత చెప్పింది. ఆపరేటర్ గవర్రాజుని పిలిచి అతని చేత కూడా చెప్పించింది.

అక్కణ్ణుంచి సింహాద్రి నేరుగా తాతబాబు దగ్గరికెళ్లాడు.

"నాకు తెలిసిపోయింది."

తాతబాబు కాళ్ల మీద పడ్డాడు. "సెప్పకండి బాబూ. సాయంత్రం దాకా ఆగండి. బోర్డు రాసీసినాక నన్ను ఉరితీసినా ఒప్పుకుంతాను."

"చంపినవాడు బయట తిరుగుతున్నాడు. సాయంత్రందాకా ఆగితే పారిపోతాడు. నీ భూమి కోసం నేను హంతకుణ్ణి వదలాలా?"

తాతబాబు అతని కాళ్లు వదిలేశాడు.

మధ్యాహ్నం మూడు గంటలు. అచ్యుతరామయ్య గది. నేల కడిగేశారు. ఫినాయిలు వాసన. మండలిలో మిగిలిన పెద్ద గురునాథరావు సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. కృష్ణంరాజు కుర్చీలో. రోహిత్ కిటికీ దగ్గర, ఫోను చూసుకుంటూ. ఆశాజ్యోతి తలుపు పక్కన. తాతబాబు, పోతమ్మ గోడ వారన నిలబడే ఉన్నారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎవరూ కూర్చోమనలేదు.

"రోహిత్. నిన్న మ్యాట్నీ మొత్తం చూశావు. అవునా?"

"ఎన్నిసార్లు చెప్పాలి సార్?"

"పడవ మునిగే సీనప్పుడు జనం ఏం చేశారు?"

"రివ్యూలో రాశా గదా. ఫోన్లు తీశారు. ఒకాయన గురక."

"నువ్వు నీ కళ్లతో చూశావు."

"చూశా."

సింహాద్రి ఆశాజ్యోతి వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా."

ఆవిడ తాతబాబు వైపు చూసింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"మా హాల్లో ఆ సీనుండదు సార్. మొదటిరోజు మార్నింగ్ షోలో పడవ మునుగుతుంటే ఆడవాళ్లందరూ లేచి తెరకి అడ్డం నిలబడ్డారు. మా మగాళ్లు సముద్రం మీదుంటే ఇదేటి సూపిత్తన్నారని చెప్పులు విసిరారు. ఆ రోజు మ్యాట్నీ నుంచి గవర్రాజు ఆ సీను వచ్చేసరికి ముందుకి జరిపేస్తాడు. పడవ బయల్దేరుతుంది. వెంటనే ఒడ్డు మీదుంటుంది. మా హాల్లో ఆ పడవ ఒక్కసారి తప్ప ఎప్పుడూ మునగలేదు."

సింహాద్రి రోహిత్ వైపు చూస్తూనే అడిగాడు.

"నిన్న?"

"నిన్న కూడా సార్."

రోహిత్ ఫోను జేబులో పెట్టాడు.

"నేను... అంటే, ముందు మల్టీప్లెక్సులో చూసినప్పటి సీను కలిపి..."

"గురక కూడా మల్టీప్లెక్సులోదేనా?" సింహాద్రి దగ్గరికొచ్చాడు. "కొత్త కారు థియేటర్ స్టాండులో పెట్టావు. హాల్లోకెళ్లి ఫోటో తీసుకున్నావు, వెనక్కొచ్చి ఫోను కార్లో వదిలేశావు. ఫోను సినిమాకెళ్లింది. నువ్వు ఆటోలో ఇక్కడికొచ్చావు. ఎవర్ని వెతకాలో తెలిశాక ఎంతసేపు? నీ ఫోటో చూపిస్తే రెండో ఆటోవాడే గుర్తుపట్టాడు. ఇక్కడి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి చిల్లర కోసం తగువాడావట. కారున్నవాడివి."

"నేను చంపలేదు!"

"ఒంటిగంటా యాభైకి ముసలాయన ఏం చెప్పాడు?" కృష్ణంరాజు వైపు తిరిగాడు. "కారు ఎవరు కొన్నారో షోరూమ్‌వాళ్లని అడిగాను. మీ నోటితో చెప్తారా, స్టేషన్లో చెప్తారా?"

కృష్ణంరాజు గొలుసు సవరించుకున్నాడు. "కుర్రాడికి గిఫ్టిచ్చాను. చంపమని చెప్పలేదు. నాకేం సంబంధం?"

అంతే. రోహిత్‌ని అలా వదిలేశాడు. రోహిత్ మొహం చూస్తే తెలిసింది, తనని కాపాడే ఒక్క మాట కోసమే వాడు అంతసేపూ ఎదురుచూశాడని, అది రాలేదని.

"ముసలాయన నా మార్కులు కలపనన్నాడు" అన్నాడు రోహిత్. "తాతబాబు వచ్చి అరిచి వెళ్లాక షోరూముకి ఫోన్ చేసి కనుక్కున్నాడట. బోర్డు పక్కనే నా పేరు రాస్తానన్నాడు. అమ్ముడుపోయినవాడని. లొకేషన్ చెడితే అదే సాకుతో మార్కులు తీసేస్తాడని ఫోను అక్కడే వదిలా, బతిమాలడానికే వచ్చా సార్. కాళ్లు పట్టుకున్నా. వెనక్కి తిరిగి సుద్దముక్క తీశాడు. నా పేరు రాయడానికి చెయ్యెత్తాడు."

కానిస్టేబుల్ బేడీలేశాడు. మెట్ల మీద కోచింగ్ పిల్లలు వాణ్ణి గుర్తుపట్టి ఫోన్లు తీశారు. ఈసారి నిజంగానే తీశారు.

గురునాథరావు దగ్గి సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"రోహిత్ మార్కులు చెల్లవు. కాబట్టి 'రెండో లంగరు' నాలుగు, ఒకటి, ఒకటి. ఆరు."

బోర్డు మీద పైన రాయబోయాడు. పోతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒక్క నిమిషం గురునాథరావుగారూ." కృష్ణంరాజు. కుర్చీలోంచి లేవలేదు. వేలు మాత్రం ఎత్తాడు. గోడ మీద ఎర్ర పెయింటు చూపించాడు. "మూడో రూలు. చనిపోయిన పెద్దాయన చేత్తో రాసింది. ఆయన ఆత్మకి శాంతి కలగాలి గదా."

కోసి ఆడించిన సినిమాకి ర్యాంకు లేదు.

గురునాథరావు సింహాద్రి వైపు చూశాడు. సింహాద్రి చేతిలోని టోపీ వైపు చూసుకున్నాడు.

"నిన్న మూడున్నరకి నువ్వెక్కడున్నావు తాతబాబూ?" అన్నాడు కృష్ణంరాజు తియ్యగా. "హార్బర్లో అని పోలీసులకి చెప్పావట. కాదంటగా?"

"ఆపరేటర్ గదిలో." అన్నాడు తాతబాబు. "గవర్రాజు పక్కనే. రోహిత్‌గాడు హాల్లో ఉన్నాడనుకున్నాను. సీను తీయకపోతే ఆడాళ్లు లేసి అడ్డం నిలబడతారు, తీసీస్తే ఆడు సూసీస్తాడు. ఏటి సెయ్యాలో తెల్లేదు. పోతమ్మ ముందే సెప్పింది. భూమి పోతే పోయింది, బోటు ములగనీకు అంది. తీయించీసినాను."

"ఆడు హాల్లోనే నేడు" అంది పోతమ్మ. ఏడవలేదు. కృష్ణంరాజునే చూస్తోంది. "సూసినోడే నేడు. నీకు సెప్పినోడు ఈ పోలీసు బాబే."

సింహాద్రి టోపీ పెట్టుకున్నాడు. అతను చెప్పకపోతే తాతబాబు జైల్లో ఉండేవాడు. చెప్పాడు కాబట్టి బయటున్నాడు. అంతే తేడా.

సాయంత్రం ఐదింటికి బోర్డు రాశారు. పైన 'రణదండు'. ఏడు. కింద తొమ్మిది సినిమాలు. 'రెండో లంగరు' ఎక్కడా లేదు. అవార్డులు మూడొచ్చాయి, అవి సినిమా తీసినవాళ్ల ఇంట్లో ఉన్నాయి.

రోహిత్‌ని రిమాండుకి పంపారు. కారు గిఫ్టు గురించి కృష్ణంరాజుని రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ లాయరొచ్చాడు. జనవరి నాలుగున అతని మనుషులు టేపులు, హద్దురాళ్లు పట్టుకుని భీమిలి రోడ్డుకెళ్లారు. తాతబాబు గట్టు మీద కూర్చుని చూశాడు. కొలవడం అరపూటలో అయిపోయింది.

మంగమారిపేట దాటాక, రోడ్డుకి ఎడమ పక్క, ముప్పై ఏడు సెంట్లు. అందులో నాలుగు సెంట్లు పోతమ్మ చేపలమ్మి కొన్నది.