నాకేం లేదు సార్!

"డెబ్బై పాళ్ళేనట!"

ఫోను పెట్టేసి మార్లా వంటగది గోడకు ఆనుకుని కూలబడిపోయింది. యుద్ధంలో దెబ్బతిన్న భర్త రాండల్‌కు నూటికి నూరు పాళ్ళూ వైకల్యమే, అదీ ఇక పోనిదేనని సర్కారు వైద్యుడు తేలిస్తేనే కూతురు టెస్సాకు కాలేజీ ఫీజు మాఫీ అవుతుంది. కెంటకీ కొండల్లో గనులు మూతపడ్డాక ఆడపిల్లకు చదువు తప్ప వేరే దారేముంది? నర్సు చదువుకు సీటు కూడా వచ్చింది... ఆగస్టులో చేరాలి... ఇంతలో ఈ పిడుగు!

"డెబ్బై ఎలా అవుతుందమ్మా? నాన్న మెట్లెక్కలేడని కళ్ళున్నవాళ్ళందరికీ కనిపిస్తుంది కదా!" అంది టెస్సా.

మార్లాకు తెలుసు. తప్పు తనదే! పరీక్షకు వెళ్ళే రోజు భర్తకు తనే గడ్డం గీసింది, చొక్కా ఇస్త్రీ చేసింది, బొత్తాలు పెట్టింది, బూట్ల తాళ్ళు కట్టింది. ఆ లోయలో ఎవరైనా అంతే, పెద్దల ముందుకు వెళ్ళాలంటే చర్చికి వెళ్ళినట్టు వెళ్తారు. ఆ పైన సైన్యం నేర్పిన అలవాటు ఒకటి. అధికారి ఎలా ఉన్నావని అడిగితే సిపాయికి ఒకటే జవాబు. నొప్పి ఉందా అని వైద్యుడు అడగగానే రాండల్ వెన్ను నిలబెట్టి, "నాకేం లేదు సార్!" అన్నాడు. నిద్ర పడుతోందా అంటే, "హాయిగా సార్!" అన్నాడు. పరాయివాళ్ళ ముందు భర్త మాటకు ఎదురు చెప్పడమెందుకని మార్లా పెదవి కొరుక్కుని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కూతురి గొంతు కోసింది!

పొయ్యి మీద చిక్కుడుగింజలు కలుపుతున్న అత్తగారు ఓపల్ గరిటె ఠపీమని కొట్టింది. "బాగుందమ్మా! నా కొడుకు పనికిరానివాడని ఊరంతా చాటితే గానీ నీ కూతురికి చదువు రాదా? వాడి నాన్న గనిలో చేసి చేసి ఊపిరితిత్తుల నిండా బొగ్గే ఉన్నా ఒకరి ముందు చెయ్యి చాచలేదు!"

"చెయ్యి చాచడం కాదత్తయ్యా... ఒళ్ళు పోగొట్టుకున్నందుకు ఇచ్చేది!"

"అట్లాగే పేరు పెట్టుకో. చేదు చేదే!"

ఎంతో బతిమాలితే సర్కారువాళ్ళు మరో పరీక్షకు ఒప్పుకున్నారు. దారిలో టెస్సా బండి నడుపుతుంటే మార్లా మెల్లిగా అంది: "ఈసారైనా నిజం చెప్పు రాండల్... పిల్ల కోసం."

"యుద్ధంలో నా పక్కనే పోయిన కర్టిస్‌ని సంచీలో పెట్టి మోసుకొచ్చినవాణ్ణి నేను. వాడు లేడు, నేనున్నాను. నాకు నొప్పి అని ఏ నోటితో చెప్పమంటావు?"

"మరీ అంత బాగుంటే ఈ బండి నువ్వే నడపొచ్చుగా నాన్నా!" అని టెస్సా నవ్వించబోయింది. రాండల్ నిజంగానే నవ్వాడు. కూతురు వేళాకోళమాడితే ఆయన ముఖం ఎంత వెలిగేదో!

ఈసారి వైద్యురాలు. అడిగినవి అవే. రాండల్ జవాబులూ అవే... "నాకేం లేదు మేడమ్." ఆమె కలం కాగితం వైపు కదిలింది. మార్లా దిగ్గున లేచి నిలబడింది.

"అబద్ధం, డాక్టరుగారూ! ఆయనకు స్నానం నేను చేయిస్తాను!"

"మార్లా... కూర్చో."

"కూర్చోను! నిద్రలో పక్క తడుపుకుంటాడు, పిల్ల లేవకముందే దుప్పట్లు ఉతుకుతాను. జూలైలో స్వాతంత్ర్య దినం పండక్కి బాణాసంచా మోగితే స్నానాల తొట్టిలో ముడుచుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. పోయినేడు నేనెవరో తెలియక నా గొంతు పట్టుకున్నాడు... మెట్ల మీంచి పడ్డానని అందరికీ చెప్పుకున్నాను..."

రాండల్ చూపు ఆమె మీద లేదు, తలుపు మీద ఉంది. అక్కడ కాఫీ కప్పులతో టెస్సా నిలబడి ఉంది! ఎప్పుడొచ్చిందో... ఎంత విన్నదో... ఆ పిల్ల ముఖం చూస్తే చాలు, అంతా విన్నదని తెలుస్తోంది.

మూడు వారాలకు కబురొచ్చింది. నూటికి నూరు! ఇక పోనిది! చర్చి ఆడవాళ్ళు కేకులు పట్టుకొచ్చి మార్లాను కావలించుకున్నారు. "ఎంత శుభవార్త!" అన్నారు. మొగుడు ఇక జన్మలో బాగుపడడన్న మాటకు అభినందనలు! మార్లా నవ్వుతూనే కేకు కోసి పంచింది. అది నోట్లో మట్టిలా ఉంది.

రాండల్ వరండాలో ఒంటరిగా ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంటే రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"పిల్లకు చదువొచ్చింది. నువ్వు చేసింది తప్పని అనను."

"మరి నాతో మాట్లాడవేం?"

"ఈ లోకంలో ఒక్క మన పిల్ల ముందే నేను బాగుండేవాణ్ణి, మార్లా. ఇప్పుడు అక్కడా లేను."

క్షమించమని అడిగినా ఏం లాభం? మళ్ళీ ఆ గదిలో నిలబెడితే మళ్ళీ అదే చెబుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టులో టెస్సా బయలుదేరింది. ఓపల్ మొక్కజొన్న రొట్టె గుడ్డలో చుట్టి మనవరాలి చేతిలో పెట్టింది, కోడలి వైపు చూడలేదు. రాండల్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. ఇదివరకైతే ఆ పిల్ల, "లే నాన్నా, ముసలాడివైపోయావు!" అని భుజం మీద గుద్ది గంతులేసుకుంటూ పోయేది. ఇప్పుడు సామాను కింద పెట్టి దగ్గరికొచ్చింది, ఆయన మోచేతి కింద నెమ్మదిగా చెయ్యి వేసింది.

"మెల్లిగా నాన్నా... తొందరేం లేదు... నేను పట్టుకున్నానుగా" అంది. ఎంత మెత్తగా అంది! రోగితో మాట్లాడినట్టు...

రాండల్ ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తరువాత తల వంచుకుని, తన బరువంతా కూతురి చేతి మీద ఆనించాడు.

గడపలో నిలబడ్డ మార్లా చేతిరుమాలు కోసం తడుముకోలేదు. కళ్ళు తుడుచుకోకుండానే చూస్తూ ఉండిపోయింది.