దొంగ బుద్ధిగానే ఉంది

“మీ దొంగ మీద ఒక కంప్లైంట్ ఉందండి,” అందామె తలుపు తీస్తూనే.

లిఫ్ట్ మెకానిక్ ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. వానకు తడిసిన చొక్కా, భుజాన టూల్ బ్యాగు. పొరుగూళ్లో పని ముగించుకుని నేరుగా కుక్క కోసమే వచ్చాడు.

“ఏం చేసింది?”

“ఏమీ చెయ్యలేదు. అదే కంప్లైంట్!”

ఆమెను ఆ వీధిలో అందరూ కుక్కల టీచర్ అంటారు. యజమానులు ఊరెళ్తే వాళ్ల కుక్కలు ఆమె దగ్గరే ఉంటాయి. పరుపులు చింపినవి, మొక్కలు పీకినవి, ఆమెతో ఉండే పిన్ని కళ్లజోడు నమిలేసినవి, అన్ని రకాలూ చూసింది. ఇది మాత్రం దొంగ అని పేరు పెట్టుకుని, విప్పిన బిస్కెట్ ప్యాకెట్ ఎదురుగా ఉన్నా వాసన కూడా చూడదు. పెడితే తింటుంది. మిగతా పొద్దంతా తలుపు దగ్గర, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది.

“ఇంత మంచిదానికి ఆ పేరేంటండి? పరువు నష్టం దావా వేస్తుంది!”

అతను నవ్వబోయి మానేశాడు. “బుద్ధిగా ఉంటే మంచిదేగా. వెళ్తాను.”

“వెళ్లొస్తాను అనాలి.”

“వెళ్తాను,” అన్నాడు మళ్లీ. దొంగను తీసుకుని దిగిపోయాడు.

లోపల్నుంచి పిన్ని అందుకుంది. “పోనీలేవే, ఆ లిఫ్టుకి కిందికి దిగడమే వచ్చేమో!”

టీచర్ నవ్వలేదు. అతను వచ్చే రోజున జడ విప్పి మళ్లీ మళ్లీ అల్లుకుంటుందని పిన్నికి తెలుసు, అతనికే తెలియదు. మళ్లీ వస్తానని మాటవరసకైనా అనని మనిషి కోసం జడెందుకు?

కానీ ఎక్కడో ఒకచోట లిఫ్టులు ఆగిపోతూనే ఉన్నాయి, అతను దొంగను అప్పజెప్పడానికి వస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ అదే “వెళ్తాను.” ఆ మాట ఆమెకు చెప్పులో రాయిలా గుచ్చుకునేది.

ఒక సాయంత్రం అతను రాగానే విరుచుకుపడింది.

“నా చెప్పు జారి దాని ముందు పడిందండి. గజగజా వణికిపోయి గోడవైపు తిరిగింది. నిజం చెప్పండి, దాన్ని చెప్పుతో కొట్టారా?”

అతను మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

“కొట్టలేదండి. ఇది మా అక్క కుక్క.”

అమ్మానాన్నా లేని ఇంట్లో అతన్ని పెంచింది ఆ అక్కే. దొంగకు పేరు పెట్టిందీ ఆవిడే. ఎవరు బయటికి బయల్దేరినా అది ఒక చెప్పు ఎత్తుకెళ్లి మంచం కింద దాచేసేదట. చెప్పు లేకపోతే మనిషి కదలడని దాని నమ్మకం.

“ఆపరేషన్‌కి వెళ్లే రోజు కూడా దాచింది. బయట ఆటో హారన్ కొడుతోంది. అక్క మంచం కింద దూరి చెప్పు లాక్కుంది. ‘ఈ ఒక్కసారి బుద్ధిగా ఉండు, వెళ్లొస్తా’ అంది.”

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

“రాలేదు. అప్పట్నుంచి ఇది చెప్పు ముట్టలేదు. బుద్ధిగా ఉంటే వస్తుందనుకుంటోందేమో. ఆ మాట దీనికి చెప్పిందో, నాకు చెప్పిందో... నేనూ బుద్ధిగానే ఉన్నా. ఏడవలేదు కూడా. వెళ్లొస్తా అనడానికి మాత్రం నోరు రావట్లేదండి.”

“నేనేమో చెప్పుతో కొట్టారా అని...”

“అడగండి. అక్క పోయాక దీని తరఫున నన్ను నిలదీసింది మీరొక్కరే.”

టీచర్ నేల మీద కూర్చుని దొంగ తలను ఒళ్లోకి తీసుకుంది.

“ఒరేయ్ దొంగా, బుద్ధిగా ఉన్నా ఆవిడ రాదురా. నువ్వు చెప్పు దాచినందుకు పోలేదురా. నీ తప్పేం లేదు.”

కుక్కకు ఏం అర్థమైందో గానీ, మెట్టు మీది మనిషి మోకాళ్లలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిన్ని తువ్వాలు తెచ్చి పక్కన పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీసారి దొంగను దింపడానికి వచ్చినప్పుడు, అతను గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు.

“టీచర్‌గారూ... వెళ్... వెళ్లొస్తా.”

ఆమె గుమ్మం దగ్గరికొచ్చింది. “ఎవరికి చెప్తున్నారు? దానికా, నాకా?”

“ఇద్దరికీ,” అన్నాడు, చెవులు ఎర్రబడగా.

తీరా చూస్తే గుమ్మం బయట ఒక్క షూనే ఉంది. తలుపు దగ్గర దొంగ లేదు.

అది లోపల పిన్ని మంచం కింద, ముందుకాళ్ల మధ్య షూ ఇరికించుకుని, తోకతో నేలను టపటపా కొడుతోంది. అతను వంగి చెయ్యి చాపాడు. షూ దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. అక్కలా లాక్కోవడం అతని వల్ల కాలేదు.

“దాని దగ్గరే ఉండనివ్వండి,” అంది టీచర్. “షూ కోసమైనా రావాలిగా.”

“మరి కాళ్లకి?”

పిన్ని తన రబ్బరు చెప్పులు, గులాబీ రంగువి, అతని ముందుకు తోసింది. “తిరిగి తెచ్చివ్వాలి బాబూ. లేదంటే దీని పేరు నీకు పెడతా!”

మడమలు బయటికొచ్చిన ఆ చెప్పులతో అతను వానలో టపటపా నడిచి వెళ్తుంటే టీచర్ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. లోపలికొచ్చి మంచం కిందికి తొంగిచూసింది. దొంగ షూ మీద గడ్డం ఆనించి, గుర్రుపెట్టి నిద్రపోతోంది.